ఒరగడం వేరు, వణకడం వేరు

శ్రీకాకుళం, విజయనగరం వైపు డ్రోన్ రిపేరు చేసేవాళ్ళు లేరు, హైదరాబాద్ పంపాల్సిందే అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఉన్నారు. కాకపోతే బోర్డు మీద డ్రోన్ అని ఉండదు, సెల్ రిపేర్ అని ఉంటుంది. లోపల ఒక మైక్రోస్కోప్, ఒక హాట్ ఎయిర్ గన్, వెంట్రుకంత తీగని చెయ్యి వణక్కుండా అతికించే ఒక మనిషి. మన దగ్గర లేనిది పనితనం కాదు, పని అయిపోయాక చివర్లో నొక్కాల్సిన ఒక బటన్. ఆ బటన్ కంపెనీ సర్వీస్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళ సర్వీస్ సెంటర్‌లో తప్ప బయట దొరకదు. కిందపడిన డ్రోన్ కెమెరా బాగుపడాలంటే స్క్రూడ్రైవర్ ఎంత అవసరమో ఆ బటన్ కూడా అంతే అవసరం. దాన్ని కొనుక్కున్నవాడికి ఇవ్వకుండా దాచుకోవడం తప్పని నా అభిప్రాయం.

లిటరరీ క్లబ్ పత్రికకి ఇదేం టాపిక్ అని మా ఎడిటర్ అడిగింది. ఇందులో తెలుగు గురించి కూడా ఒక సంగతి ఉంది, మధ్యలో వస్తుంది.

ముందు గింబల్ అంటే ఏంటో చెప్పాలి. డ్రోన్ ముక్కు కింద కెమెరాని పట్టుకుని ఉండే చిన్న చెయ్యి అది. గాలి కొట్టి డ్రోన్ ఎటు వంగినా కెమెరా మాత్రం నిలకడగా ఉండాలి. నెత్తి మీద నీళ్ళ బిందె పెట్టుకుని పొలం గట్టు మీద నడిచే మనిషిని చూస్తే గింబల్ అర్థమవుతుంది. కాళ్ళు ఎక్కడెక్కడో పడతాయి, నడుం ఎటో తిరుగుతుంది, మెడ మాత్రం సర్దుకుంటూనే ఉంటుంది, బిందె తొణకదు. ఆ మెడ చేసే పని ఇక్కడ మూడు చిన్న మోటర్లు చేస్తాయి. ఒకటి కెమెరాని పైకీ కిందకీ వంచుతుంది, దాన్ని పిచ్ అంటారు. ఇంకోటి పక్కకి ఒరగకుండా ఆపుతుంది, అది రోల్. మూడోది ఎడమకీ కుడికీ తిప్పుతుంది, అది యా. కెమెరా వెనకాల ఒక సెన్సర్ చిప్ ఉంటుంది. అందులో జైరోస్కోప్ ఎంత వేగంగా తిరుగుతున్నామో చెబుతుంది, యాక్సిలరోమీటర్ భూమి ఏ వైపు ఉందో చెబుతుంది. మోటర్ లోపల అయస్కాంతం ఉంటుంది, దాన్ని చదివే హాల్ సెన్సర్ ఉంటుంది. కీలు ఇప్పుడు ఎన్ని డిగ్రీల దగ్గర ఉందో చెప్పడం దాని పని. ఇవన్నీ చూసుకుని ఒక చిన్న ప్రాసెసర్ సెకనుకి వందలసార్లు మోటర్లని సర్దుతూ ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. అయస్కాంతం అతికించడంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా సెన్సర్ చదివే అంకె మారిపోతుంది. ఏ రెండు గింబల్స్ ఒకేలా ఉండవు. అందుకని ఫ్యాక్టరీలో ఒక్కోదాన్నీ పరీక్షించి, ఈ ముక్కకి సున్నా డిగ్రీలంటే ఈ అంకె, పది డిగ్రీలంటే ఈ అంకె అని ఒక పట్టిక దాని మెమరీలో రాసేస్తారు. అదే క్యాలిబ్రేషన్. చెయ్యి మార్చినా, మోటర్ మార్చినా పాత పట్టిక చెల్లదు, కొత్తగా రాయాలి. నేను చెప్పిన బటన్ ఆ పట్టిక రాసేదే.

ఇప్పుడు అసలు కథ. మా క్లాస్‌మేట్ వాళ్ళ చిన్నాన్నకి విజయనగరం దగ్గర ఫోటో స్టూడియో ఉంది. మాఘమాసం ముహూర్తాలకి కొంచెం ముందు ఒక ప్రీ వెడ్డింగ్ షూట్ కోసం కళింగపట్నం వెళ్ళారు. వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్, సరుగుడు చెట్లు, అన్నీ ఒకే షాట్‌లో రావాలని పెళ్ళికొడుకు కోరిక. మధ్యాహ్నం తిరిగేసరికి సముద్రం గాలి లేచింది. డ్రోన్ సరుగుడు కొమ్మకి తగిలి ఇసుకలో ముక్కు గుచ్చుకుని పడింది. రెండు రెక్కలు విరిగాయి, గింబల్ చెయ్యి వంగింది, కెమెరాకి వెళ్ళే రిబ్బన్ కేబుల్ చిరిగింది. ఏ కంపెనీ డ్రోనో చెప్పను. ఇది ఏ ఒక్క కంపెనీకో ఉన్న రోగం కాదు.

శ్రీకాకుళంలో సెల్ రిపేర్ షాపు నడిపే ఒక అన్న దాన్ని బాగుచేశాడు. ఆ రిబ్బన్ మూడు కీళ్ళ చుట్టూ మడతలు మడతలుగా తిరుగుతుంది. ఒక్క మడత బిగుతుగా పడినా మోటర్ తిరిగినప్పుడల్లా అది వెనక్కి లాగుతుంది. ఆయన దాన్ని పూలదండ చుట్టినట్టు వదులుగా చుట్టి, బయట తెప్పించిన కొత్త చెయ్యి బిగించి, రెండు రోజుల్లో వీడియో రప్పించాడు. అంతా బాగుంది కానీ స్క్రీన్ మీద సముద్రం ఏటవాలుగా ఉంది.

చిన్నాన్న షాపుకి ఫోన్ చేశాడు. "ఏటి బాబూ, కొత్త సెయ్యి ఏసినాక కూడా ఒక పక్కకి ఒరిగిపోతంది?"

అన్నకి కోపం వచ్చింది. "నా పనిలో తేడా ఉంటే ఇప్పి సూపించండి సార్."

ఇద్దరి మధ్యలో మా వాడు ఇరుక్కున్నాడు, మా వాడితో పాటు నేను. సీఎస్ఈ చదువుతున్నాం కాబట్టి సాఫ్ట్‌వేర్ సంగతి మీరు సూడండి అని ఇద్దరూ మా మీద పెట్టేశారు. సీఎస్ఈ అంటే ప్రింటర్ దగ్గర్నుంచి రాకెట్ దాకా అన్నీ వచ్చని మన చుట్టాలందరికీ ఒక నమ్మకం కదా, అదన్నమాట.

షాపులో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ అన్న భాష. మేం చూసినన్ని సార్లూ యాప్ ఒకటే ఇంగ్లీష్ వాక్యం చూపిస్తోంది, గింబల్ మోటర్ ఓవర్‌లోడ్ అని. చెయ్యి వంగి తగులుతున్నా అదే మాట, మధ్యలో ఏదైనా అడ్డుపడినా అదే మాట, రిబ్బన్ బిగుసుకున్నా అదే మాట. ఏ రోగంతో వెళ్ళినా డాక్టర్ చీటీ మీద "ఒంట్లో బాలేదు" అని రాసిచ్చినట్టు ఉంటుంది. అన్న అలా కాదు. ఏలాడతందా, ఒణుకుతందా, గుంజుతందా, ఒరుగుతందా అని అడుగుతాడు. నాలుగు క్రియలు. ఒక్కో క్రియకి డ్రోన్‌లో ఒక్కో చోట వెతుకుతాడు. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఆసిలేషన్, డ్రిఫ్ట్, ఆఫ్‌సెట్ అన్న మాటలు పరీక్షలో రాయడానికి తెలుసు. చేతిలో ఉన్న వస్తువు మీద వాటిని ఎలా పెట్టాలో ఆయన దగ్గర చూశాను.

వేలాడటం అంటే కరెంటు వచ్చినా కెమెరా తల వాల్చేసి ఉండటం. రిబ్బనో, కనెక్టరో తెగింది. అది ఆయన అప్పటికే చూసేశాడు. వణకడం అంటే వీడియో జెల్లీలా అలలు అలలుగా రావడం. దీనికోసం గింబల్ విప్పడం దండగ. వంగిన రెక్కనో, రెక్కల మోటర్ ఇరుసునో చూడాలి, లేదంటే గింబల్‌కీ డ్రోన్ ఒంటికీ మధ్య ఉండే రబ్బరు గుళ్ళని చూడాలి. మా డ్రోన్‌కి ఒక గుండు కళింగపట్నం ఇసుకలోనే ఉండిపోయింది. కొత్తది పెట్టాక వణుకు పోయింది.

గుంజడం దగ్గర రెండు సాయంత్రాలు గడిచాయి. ఉన్నట్టుండి కెమెరా ఒక్క కుదుపు కుదిపి మళ్ళీ మామూలుగా ఉంటోంది. రెక్కలు నాలుగూ తీసేసి, డ్రోన్ ఆన్ చేసి, చేత్తో మెల్లగా పక్కలకి వంచుతూ చూశాం. బల్ల మీద పరీక్ష చేసేటప్పుడు రెక్కలు ఉంచితే వేళ్ళు పోతాయి, ఎవరైనా ప్రయత్నిస్తే అది మాత్రం మర్చిపోవద్దు. ప్రతిసారీ ఒకే కోణం దగ్గర కుదుపు వస్తోంది. సాఫ్ట్‌వేర్ లోపం అయితే అంత క్రమశిక్షణగా ఒకే చోట రావడం అరుదు. ఆఫ్ చేసి వేలితో తిప్పితే అదే చోట చిన్నగా గరుకు తగిలింది. భూతద్దం పెట్టి చూస్తే రోల్ మోటర్ సందులో నల్లటి గింజలు నాలుగైదు. బ్లోయర్‌తో ఎంత ఊదినా కదలవు.

అవి దుమ్ము కాదు. మన తీరం ఇసుక మీద నల్లటి చారలు అందరూ చూసే ఉంటారు. శ్రీకాకుళం నుంచి భీమిలి దాకా సముద్రపు ఒడ్డున ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్, మోనజైట్ లాంటి బరువైన ఖనిజాలు ఉన్నాయి. వీటి తవ్వకం గురించి ఎన్నో ఏళ్ళుగా పేపర్లలో వస్తూనే ఉంది. ఇల్మనైట్‌లో ఇనుము, టైటానియం ఉంటాయి, అది అయస్కాంతానికి కొంచెం లొంగుతుంది. మ్యాగ్నటైట్ రేణువు అయితే ఎగిరొచ్చి అతుక్కుంటుంది. చిన్నప్పుడు పాత స్పీకర్ అయస్కాంతాన్ని ఇసుకలో దొర్లించి నల్ల మీసాలు మొలిపించే ఆట ఆడాం కదా, అదే ఆట ఇక్కడ గింబల్ మోటర్ ఆడింది. మామూలు ఇసుకైతే ఊదితే పోతుంది. దీన్ని మోటర్ తన అయస్కాంతంతోనే పట్టుకుని ఉంటుంది కాబట్టి పోదు. అన్న సెల్లోటేప్‌ని సన్నగా కత్తిరించి, సందులోకి దూర్చి, ఒక్కో గింజా అంటించి బయటికి తీశాడు. గుంజుడు ఆగింది. నేను యూట్యూబ్‌లో చూసిన వీడియోల్లో ఎక్కడా నల్ల ఇసుక సంగతి లేదు. కళింగపట్నం, బారువ, చింతపల్లి బీచ్‌లలో డ్రోన్ దించే ఫోటోగ్రాఫర్లందరికీ మాత్రం ఇది తెలియాలి. కనీసం ఇసుక మీద ఒక చాప వేసి దాని మీద దించినా చాలా నయం.

ఇక మిగిలింది ఒరగడం.

ఒరిగిందా లేదా అన్నది కూడా కంటితో చెప్పకూడదు. విజయనగరం సిరిమాను వీడియో ఎవరైనా పైనుంచి తీస్తే, మాను ఒరిగిందో కెమెరా ఒరిగిందో చూసేవాడికేం తెలుస్తుంది? మా వాడు పక్క వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీ దగ్గర్నుంచి రసమట్టం, తూకపు గుండు అడిగి తెచ్చాడు. రసమట్టం పెట్టి చూస్తే షాపు కౌంటరే కొంచెం వాలి ఉంది. అన్న యాప్‌లో ఉన్న మామూలు క్యాలిబ్రేషన్ దాని మీదే చేశాడు. సమతలం మీద చెయ్యమని అది ఎందుకు అడుగుతుందంటే, కింద బల్ల వాలుగా ఉంటే గింబల్ ఆ వాలునే నేల అనుకుంటుంది. బల్ల కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టి సరిచేసి మళ్ళీ చేశాం. వాలు కొంత తగ్గింది. దూలానికి తూకపు గుండు వేలాడదీసి, ఆ దారం కెమెరాలో నిలువుగా కనిపిస్తోందా లేదా అని చూశాం. ఇంకా దాదాపు 4 డిగ్రీలు ఉంది.

మిగిలిన ఆ వాలు స్థిరంగా ఉంటే గొడవే లేదు. యాప్‌లోనే రోల్ అడ్జస్ట్ అని ఉంటుంది, వేలితో జరిపితే సరిపోతుంది. కానీ డ్రోన్ ఒంటిని ఎడమకి వంచితే ఒక వాలు, కుడికి వంచితే ఇంకో వాలు. ఒక వైపు సరిచేస్తే రెండో వైపు చెడుతోంది. వాలు కీలు కోణాన్ని బట్టి మారుతోందంటే కీలు కోణం చదివే పట్టిక తప్పని అర్థం. కొత్త చెయ్యి వేశారు, పట్టిక పాతదే ఉంది. ఇంక అన్న చేతిలో చెయ్యడానికి ఏమీ లేదు, మా చేతిలో కూడా లేదు. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, బయట విప్పినదాన్ని క్యాలిబ్రేట్ చెయ్యం, గింబల్ మొత్తం మార్చుకోవాలి, పంపితే ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేం అన్నారు. మాఘం అయిపోయాక వచ్చే డ్రోన్‌ని చిన్నాన్న ఏం చేసుకుంటాడు?

ఆయన ఆ సీజన్ మొత్తం ఎడిటింగ్‌లో వీడియో తిప్పి సరిచేసుకున్నాడు. 4 డిగ్రీలే కదా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. 3840 బై 2160 ఫ్రేమ్‌ని 4 డిగ్రీలు తిప్పి, మూలల్లో నల్లటి ఖాళీలు రాకుండా అదే ఆకారంలో కత్తిరిస్తే మిగిలేది సుమారు 3424 బై 1926. అంటే ఫ్రేమ్‌లో ఐదో వంతు చెత్తబుట్టలోకి. పెళ్ళి ఆల్బమ్‌లో ఆ ఐదో వంతులో ఎవరి మేనమామ ఉంటాడో, ఎవరి మేనత్త ఉంటుందో. మమ్మల్ని ఎందుకు కోసేశావని అడిగితే చెప్పుకోవాల్సింది చిన్నాన్నే.

నా వాదన ఇక్కడే మొదలవుతుంది. పనివాడు తన పని సరిగ్గా చేశాడు. పరికరం సరిగ్గా ఉంది. మధ్యలో ఒక అంకెల పట్టిక రాయడానికి అనుమతి లేదు. అయినా ఊళ్ళో అందరూ అనే మాట ఏంటి? లోకల్‌గా చేయిస్తే ఇంతే. కంపెనీ తాళం వేసింది, చెడ్డపేరు షాపుకి వచ్చింది. ఇలా పది సార్లు జరిగితే ఆ అన్న డ్రోన్లు తీసుకోవడం మానేస్తాడు. అప్పుడు నిజంగానే మన దగ్గర డ్రోన్ రిపేరు చేసేవాళ్ళు ఉండరు.

దీనికి ప్రభుత్వ నిబంధన ఒకటి తోడైంది. 2022 ఫిబ్రవరి 9న విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకి మినహాయింపు ఉంది. విడిభాగాల దిగుమతికి మాత్రం అనుమతి అక్కర్లేదు. దేశంలోనే డ్రోన్లు తయారవ్వాలన్న ఉద్దేశం మంచిదే, నేను దానికి వ్యతిరేకం కాదు. కానీ దాని అర్థం చూడండి. అంతకుముందు విదేశీ డ్రోన్ కొన్న ఫోటోగ్రాఫర్ అలాంటిదే కొత్తది మామూలుగా తెప్పించుకోలేడు, ఉన్నదాన్నే బాగుచేయించుకుని వాడుకోవాలి. విడిభాగం దేశంలోకి వస్తుంది. ఆ విడిభాగాన్ని డ్రోన్‌కి పరిచయం చేసే సాఫ్ట్‌వేర్ రాదు. పెళ్ళికూతురిని తీసుకొచ్చి గుమ్మం బయటే నిలబెట్టినట్టుంది.

రిపేరు హక్కు గురించి మన దేశంలో మాట మొదలైంది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీనికి ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు ట్యాబ్లెట్లు, ఇంట్లో వాడే వస్తువులు, వాహనాలు అని నాలుగు రంగాలు తీసుకుంది. ఆ ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది. ఆ నాలుగింటిలో డ్రోన్ అనే పేరు లేదు. పొలంలో మందు కొట్టే డ్రోన్ వ్యవసాయ పరికరం కిందకి వస్తుందని వాదించవచ్చు, పెళ్ళి డ్రోన్‌ని ఎందులో పెడతారు? అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది. మార్చిన విడిభాగాన్ని సాఫ్ట్‌వేర్ తాళంతో పనిచెయ్యకుండా ఆపడం కుదరదని అందులో ఉంది. మనకి కావలసింది అలాంటి ఒక్క వాక్యం.

అడగడానికి మనకంటే దగ్గరివాళ్ళు కూడా లేరు. డ్రోన్ రూల్స్ 2021 పౌర విమానయాన శాఖవి. ఆ శాఖకి 2024 జూన్‌లో మంత్రి అయినాయన మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు. ఆ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని దేశంలో ఎగరేయాలంటే సాధారణంగా దానికి టైప్ సర్టిఫికెట్ ఉండాలి. ఆ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడే ఒక షరతు పెట్టమని అడగవచ్చు. కెమెరా, గింబల్ లాంటి భాగాలు మార్చాక చెయ్యాల్సిన క్యాలిబ్రేషన్‌ని కొన్నవాడికీ, అతను ఎంచుకున్న మెకానిక్‌కీ అందుబాటులో ఉంచాలని. ఇప్పటికే వాడుకలో ఉన్న పాత విదేశీ డ్రోన్లకి ఈ షరతు తగలదు, వాటి సంగతి వినియోగదారుల శాఖే చూడాలి. కానీ ఇక మీదట కొనేవాటికైనా తగులుతుంది.

2024 అక్టోబరులో అమరావతి డ్రోన్ సమ్మిట్ అప్పుడు కృష్ణా తీరంలో 5,500 డ్రోన్లు ఎగిరాయి, గిన్నిస్ రికార్డులు వచ్చాయి. హాస్టల్‌లో అందరం ఫోన్లలో చూశాం, నిజంగా గర్వంగా అనిపించింది. ఓర్వకల్లులో డ్రోన్ సిటీ అంటున్నారు. అదీ రావాలి. అయితే ఎగిరేది ఏదో ఒక రోజు పడుతుంది. 2023 నవంబరులో కేంద్రం ఒప్పుకున్న డ్రోన్ దీదీ పథకంలో 15,000 మహిళా సంఘాలకి మందు కొట్టే డ్రోన్లు ఇవ్వాలని లక్ష్యం. వాటికి పెళ్ళి డ్రోన్ లాంటి గింబల్ ఉండకపోవచ్చు, కానీ పంపు ఉంటుంది, ఫ్లో సెన్సర్ ఉంటుంది, మార్చాక వాటినీ క్యాలిబ్రేట్ చెయ్యాలి. వరికి తెగులు పట్టిన వారంలో డ్రోన్ ఆగిపోతే, బటన్ కోసం ఏ ఊరు పంపుతారు ఆ అక్కలు?

దీనికి వ్యతిరేకంగా ఒక వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. డ్రోన్ మనుషుల నెత్తి మీద ఎగురుతుంది, ఎవరు పడితే వాళ్ళు సాఫ్ట్‌వేర్ ముట్టుకుంటే ప్రమాదం అంటారు. రెక్కల మోటర్లు, వాటి కంట్రోలర్లు, జీపీఎస్, ఎత్తు పరిమితులు, వీటి విషయంలో నేనూ అదే అంటాను. వాటికి తాళం ఉండనివ్వండి. కానీ గింబల్ ఒరిగినంత మాత్రాన డ్రోన్ కిందపడదు. సముద్రం వంకరగా కనిపిస్తుంది, అంతే. ప్రమాదం ఉన్నదానికీ లేనిదానికీ ఒకే తాళం వేసి, అడిగితే భద్రత అనడం నిజాయితీ కాదు. రెండోది, ఫ్యాక్టరీలో ఈ పట్టిక ప్రత్యేకమైన స్టాండ్ మీద పెట్టి రాస్తారు, బయట అంత కచ్చితంగా రాదంటారు. రాకపోవచ్చు. 4 డిగ్రీల వాలు అర డిగ్రీకి వచ్చినా మా చిన్నాన్నకి చాలు.

బయట చెయ్యడం అసాధ్యమేమీ కాదని ఇప్పటికే తేలింది. డీజేఐ డ్రోన్ల ఫర్మ్‌వేర్‌ని అర్థం చేసుకుని కొందరు స్వచ్ఛందంగా రాసిన పైథాన్ టూల్స్ గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా ఉన్నాయి. కొన్ని మోడళ్ళకి గింబల్ కీళ్ళ క్యాలిబ్రేషన్ మొదలుపెట్టే ఆదేశం కూడా అందులో ఉంది. మా చేతికొచ్చిన మోడల్‌కి అది పనికిరాదు. అయినా ఆ కోడ్ చదువుతుంటే ఒక విషయం తెలిసింది. క్యాలిబ్రేషన్ చేసే తెలివంతా గింబల్ లోపలే ఉంది. బయట నుంచి వెళ్ళేది మొదలుపెట్టు అని చెప్పే చిన్న ప్యాకెట్ మాత్రమే. ఇంత గొడవా ఆ కొన్ని బైట్ల కోసం.

కాబట్టి చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. విడిగా అమ్మే గింబల్ కంట్రోలర్లు ఉన్నాయి, స్టార్మ్32 అని, సింపుల్‌బీజీసీ అని. వాటిలో పీఐడీ విలువలు, సెన్సర్ క్యాలిబ్రేషన్ అన్నీ వాడేవాడి చేతిలోనే ఉంటాయి. పీ పెంచితే గింబల్ ఎలా వణుకుతుందో, తగ్గిస్తే ఎలా బద్ధకంగా ఒరుగుతుందో కంటితో చూడొచ్చు. కంట్రోల్ సిస్టమ్స్ అనగానే లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ తప్ప ఇంకేం గుర్తురాని ఈఈఈ, ఈసీఈ మిత్రులు ఒక గంట దాని ముందు కూర్చుంటే చాలు. ల్యాబ్‌లో అలాంటిది ఒకటి పెట్టమని మా హెచ్‌ఓడీ సార్‌కి లెటర్ రాశాం.

ఇంకోటి ఈ క్లబ్ చెయ్యగలిగే పని. గింబల్ లక్షణాల పట్టిక ఒకటి తెలుగులో రాయాలి. మెకానిక్ పని నేర్పే పుస్తకం కాదు, గోడకి అంటించే ఒక్క పేజీ. ఇంగ్లీష్ ఎర్రర్ మెసేజ్‌కి అనువాదం చేస్తే పనికిరాదు, "గింబల్ చోదకం అధికభారితం" అని రాస్తే షాపులో నవ్వుతారు. ఆ అన్న వాడే క్రియలతోనే మొదలవ్వాలి. ఏలాడితే ఇది చూడు, ఒణికితే ఇది, గుంజితే ఇది, ఒరిగితే ముందు రసమట్టం పెట్టి బల్ల చూడు. నల్ల ఇసుక సంగతి పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఏ పని షాపులో అవుతుందో, ఏది కంపెనీ తాళం వల్ల ఆగిందో కూడా విడిగా రాయాలి, కస్టమర్ వచ్చి అరిచినప్పుడు అన్న ఆ గోడ వైపు చూపించడానికి.

పాడైన గింబల్స్ రెండు అన్న మాకు ఊరికే ఇచ్చాడు. ఒకదానికి మోటర్లు బాగున్నాయి, రిబ్బన్ లేదు. ఇంకోదానికి రిబ్బన్ ఉంది, రోల్ మోటర్ లేదు. టంకం వేయడం వచ్చినవాళ్ళు ఒకరు, తెలుగు స్పెల్లింగ్ తప్పులు లేకుండా రాసేవాళ్ళు ఒకరు కావాలి. రెండోది నేను చెయ్యలేను, ఈ వ్యాసాన్ని దిద్దిన మా ఎడిటర్‌కి తెలుసు. గుంజడానికీ తడబడటానికీ తేడా ఏంటో, ఆయన ఇంకా ఏమేం మాటలు వాడతాడో షాపులో కూర్చుని రాసుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం దాకా షాపు తీసే ఉంటుంది, జనం తక్కువ ఉంటారు.